వాటాల తోట

గిద్దలూరు,
18 ఏప్రిల్ 1976

జహరాకు,

నీ కార్డు నిన్న అందింది. అడ్రసులో ఇంకా కర్నూలు జిల్లా అనే రాస్తున్నావు. మనల్ని ఒంగోలుతో కలిపి ఆరేళ్లయింది తల్లీ. ప్రకాశం జిల్లా అని పేరు కూడా పెట్టారు. నీ కార్డు ముందు కర్నూలు చూసి, తీరిగ్గా ఇక్కడికి వచ్చినట్టుంది. పోస్టుమాన్ నవ్వుతూ చేతికిచ్చాడు. ఇప్పుడు నువ్వు మీ ఆయన్ను తీసుకుని నంద్యాల ఆసుపత్రిలో ఉన్నావు కాబట్టి నిజంగానే నువ్వొక జిల్లా, నేనొక జిల్లా. మధ్యలో నల్లమల మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

హమీదు మరిది కాలిపుండు ఎట్లుందో నువ్వు సరిగా రాయలేదు. చక్కెర జబ్బు ఉన్న మనిషి, రేకు కోసుకున్న పుండుకు పసుపు అద్దుకుని మన ఇద్దరికీ తెలియకుండా తిరిగాడంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతోంది. ఆ మాట నేనన్నానని చెప్పు. డాక్టరు ఏమన్నాడో, ఎన్నాళ్లు ఉండాలన్నాడో రాయి.

తోట బాగుంది. బీరపాదు పందిరి ఎక్కింది. నువ్వు విత్తనం ఏరి పెట్టిన ముళ్లవంగ మొక్కలు నడుం దాకా వచ్చి కాపు మీద ఉన్నాయి. మొన్న శుక్రవారం వాటాదార్లందరూ సంచులు పట్టుకుని వచ్చారు. బట్టల దుకాణం ఉమామహేశ్వర్లు గారి సంగతి తెలుసు గదా, ప్రతి కాయనూ తిప్పి తిప్పి చూస్తాడు.

"ఈ సొరకాయ ఏందమ్మా ఇట్ల వంకర తిరిగింది?" అన్నాడు.

"నిలబెట్టి పూజ చేస్తావా అన్నా, కోసుకొని తింటావా?" అన్నాను.

వాళ్లావిడ రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన కూడా నవ్వి ఆ వంకరదే తీసుకుపోయాడు. మంచివాడే, చూపు మాత్రం తక్కెడ చూపు.

నీ వాటా నీకు చేరాలి గదా. గార్డు నాగేశ్వర్లుకు బుట్ట ఇచ్చాను. ఆయనా మన వాటాదారే కాబట్టి కాదనలేదు. ఆయన డ్యూటీ నంద్యాల వైపు పడిన వారమల్లా బుట్ట తెస్తాడు. స్టేషనుకు వచ్చి తీసుకో. నువ్వు తిండి మానేసి మరిది మంచం పక్కన కూర్చుంటావని నాకు తెలుసు.

నీ అక్క,
రామతులసమ్మ


నంద్యాల,
27 ఏప్రిల్

రామతులసక్కకు,

బుట్ట అందింది. పైన కప్పిన తడిగుడ్డ తీయగానే మన తోట వాసన వచ్చింది. రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి పిచ్చిదాన్లా బెండకాయలు వాసన చూశాను. కూలీలు చూసి నవ్వారు, నవ్వనీ.

ఆసుపత్రి వెనక ఒక రేకుల పాకలో, రోగుల కోసం వచ్చినవాళ్లు వండుకోవడానికి పొయ్యిలున్నాయి. అక్కడ నాకొక స్నేహితురాలు దొరికింది. పేరు గంగమ్మ, ఆత్మకూరు వైపు మనిషి. ఆమె కొడుకుది మా పక్క మంచం. నా బుట్ట చూసి ఎక్కడ కొన్నావంది. కొనలేదు, మా వాటాల తోటదని చెప్పాను. అంటే ఏందని అడిగింది.

"భూమి మా అక్కది. పని అక్కా, నేనూ, మా ఆయనా చేస్తాం. ఊళ్లో కొన్ని కుటుంబాలు ఉగాదికే ఏడాది ఖర్చుకు వాళ్ల వాటా ఇచ్చేస్తారు. శుక్రవారం శుక్రవారం వచ్చి పండినదాంట్లో సమానంగా తీసకపోతారు" అన్నాను.

"పండకపోతే?"

"పండకపోతే వాళ్లూ తినరు, మేమూ తినం."

"ముందే ఇచ్చి, పండకపోయినా అడగరా?" అని గంగమ్మ చెంపలు వాయించుకుంది. "పిచ్చోళ్లమ్మా మీ గిద్దలూరోళ్లు!"

ఈ మాట వార్డులోకి పోయి ఆయనకు చెబితే, ఇక్కడికి వచ్చాక మొదటిసారి నవ్వాడు. "ఆ పిచ్చి మొదలుపెట్టింది మా వదినేనని చెప్పు" అన్నాడు. నిన్ను ఎదురుగా అక్క అంటాడు గానీ, నా ముందు వదినే.

పుండు మానుతోంది. డాక్టరు ఇంకొన్నాళ్లు చూద్దామన్నాడు. వంకాయ కూరతో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. బావిలో నీళ్లు ఎంత దిగినాయో అడగమన్నాడు. మూడేళ్లుగా పొద్దున లేవగానే ఆ బావిలోకి తొంగి చూడటం అలవాటు గదా, ఇక్కడ లేచి మంచం కిందికి తొంగి చూస్తున్నాడు.

మా మున్నీ, అల్లుడు రోజూ సాయంత్రం వచ్చి పోతున్నారు. వాళ్ల ఇల్లు ఆసుపత్రికి దగ్గరే. నా గురించి దిగులు పడొద్దు.

నీ
జహరా


గిద్దలూరు,
12 మే

జహరాకు,

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. కార్తె ఇంకా రానే లేదు, నా తల మాత్రం పగిలేట్టుంది. పొద్దు పొడవకముందే పనిలోకి దిగి, ఎండ ముదిరేలోపల గుడిసెలోకి వచ్చి పడుతున్నాను. మధ్యాహ్నం కాకులు కూడా నోళ్లు తెరుచుకుని పందిరి కింద కూర్చుంటున్నాయి.

బావిలో నీళ్లు కొంచెం దిగాయి. ప్రతి ఏడూ దిగేవే. మరిదిని దిగులు పడొద్దని చెప్పు.

మన తోట వెనక పల్లె ఉంది గదా, యోబు వాళ్లది. వాళ్ల బావి ఎండిపోయింది. యోబు భార్య యేసుమణి ఒకరోజు బిందెతో వచ్చి కంచె అవతలే నిలబడింది. నెలలు నిండిన మనిషి. "ఒక్క బిందె పోస్తావా అమ్మా" అంది. పోశాను. అప్పటి నుంచి ఒకరిద్దరు వచ్చి తీసుకుపోతున్నారు. తాగే నీళ్లు అడిగితే లేదని ఎట్ల అంటాం.

ఈసారి బుట్టలో గోంగూర లేదు, ఏమనుకోకు. దోసకాయలు రెండు ఎక్కువ వేశాను.

మరిది తింటున్నాడని రాశావు, ఆ ఒక్క మాటే నాలుగుసార్లు చదువుకున్నాను. బాగా వండి పెట్టు. నా రాత వంకరగా ఉంది. చేతులు కొంచెం నొప్పిగా ఉన్నాయి, అంతకన్నా ఏం లేదు.

నీ అక్క


నంద్యాల,
23 మే

అక్కా,

ఈ వంకాయలు ఎవరివి?

మన కాయ తొడిమ పట్టుకుంటే ముల్లు గుచ్చుకోవాలి. ఈ కాయలకు ముల్లే లేదు. బెండకాయలు ముందురోజు కోసి నీళ్లు చల్లినవి. మూడేళ్లు ఆ మట్టిలో గొంతుక్కూర్చున్నదాన్ని, నా తోట కాయ నాకు తెలియదా?

స్టేషనులో నాగేశ్వర్లు అన్నను అడిగాను. "నన్నడగొద్దు తల్లీ, నేను బుట్ట మోసేవాణ్ని" అన్నాడు. వదలకుండా అడిగితే తల వంచుకుని చెప్పాడు.

"తోటలో ఏముందని పంపుతాదమ్మా? అంతా ఎండిపోయింది. సంతలో కొని పంపుతాంది. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాది."

నా తోట ఎండిపోయిందని నాకు రైలు గార్డు చెప్పాలా అక్కా? సంతలో కాయలు కొని, తడిగుడ్డ కప్పి, మన తోటవని పంపుతావా? నేను పరాయిదాన్నా, లేకపోతే చిన్నపిల్లనా?

ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాయి. మెత్తగా చెప్పొద్దు.

జహరా


గిద్దలూరు,
27 మే

జహరాకు,

మెత్తగా చెప్పొద్దన్నావు. చెప్పను.

యేసుమణికి ఒక బిందె పోశానని రాశాను గదా. మర్నాడు తెల్లారేసరికి పల్లెలో ఆడవాళ్లంతా కంచె దగ్గర ఉన్నారు. వాళ్ల బావిలో బురద మాత్రం మిగిలింది. సగిలేట్లో చెలమ తవ్వితే తడి ఇసుక వస్తోంది గానీ నీళ్లు రావడం లేదు. ఊరి బావి దగ్గరికి వాళ్లను రానివ్వరని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంకెక్కడికి పోతారు?

నేను బావి గట్టు మీద నిలబడి తోడాను, వాళ్లు కింద నిలబడి బిందెలు పట్టారు. మన వైపు పద్ధతి అదే గదా. అది తప్పని గానీ ఒప్పని గానీ నేను ఆలోచించలేదు. నీళ్లిస్తున్నాను, పుణ్యం చేస్తున్నానని మాత్రమే అనుకున్నాను.

అట్ల తోడుతూ పోతే నా చేతులు పైకి లేవడం మానేశాయి. తల దువ్వుకోవడానికి కూడా చేతకాలేదు. నీకు ఉత్తరం రాసింది ఆ చేతులతోనే. ఒకరోజు బొక్కెన అంచు దాకా వచ్చి నా చేతిలోంచి జారి, నీళ్లన్నీ గట్టు మీద పోయాయి. ఆ నీళ్లు రాళ్ల మధ్యలోకి ఇంకిపోతుంటే కింద ఉన్న ఆడవాళ్లు అట్లే చూస్తూ నిలబడ్డారు. వాళ్లు నన్ను తిట్టినా బాగుండేది.

యేసుమణి అంది: "సగం నీళ్లు రాళ్లకే పోతాండాయమ్మా. నీ చేతులు పడిపోయినాయి. ఆ చేంతాడు మా యోబుకియ్యి."

యోబు దూరంగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బండలు కొట్టే మనిషి, నాలాంటివాళ్లను నలుగురిని ఎత్తి పెట్టగలడు. మెట్టు దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఎక్కమంటావా అమ్మా?"

నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. శుక్రవారం గుర్తుకొచ్చింది. వాటాదార్ల మొహాలన్నీ వరసగా కనిపించాయి. పెద్ద మనసుతో ఎక్కమన్నానని రాస్తే అది అబద్ధమవుతుంది. నా చేతులు ఇంక ఆ తాడు లాగలేవు, అందుకే అన్నాను.

"ఎక్కు."

యోబు చెప్పులు కింద విడిచి ఎక్కాడు. బొక్కెన దించి ఒక్క ఊపున లాగి పోశాడు. ఆ పూట ఒక్క చుక్క కింద పోలేదు. ఆ రోజు నుంచి వాళ్ల నీళ్లు వాళ్లే తోడుకుంటున్నారు.

ఇంక తోట సంగతి. మరిది చూసుకునే బావి ఇంజను కొంచెంసేపు నడిస్తే చాలు, బావి అడుగు కనిపిస్తుంది. మళ్లీ ఊట పట్టాలంటే మర్నాడే. మళ్లకు పెడితే పల్లెకు లేవు, పల్లెకు ఇస్తే మళ్లకు లేవు. రెండూ చూద్దామని కొన్నాళ్లు ఆగాను. ముందు సొరపాదు వదులుకున్నాను, తర్వాత బీర, తర్వాత ఆకుకూరలు. చివరికి నీ వంగ. పగలు వాడిన ఆకు సాయంత్రానికి లేస్తుందని చూశాను. కొన్నాళ్లు లేచింది. ఒకనాటి సాయంత్రం లేవలేదు. ఇంజను ఆపేశాను.

శుక్రవారం వాటాదార్లు వచ్చారు. ఎండిన మళ్లనూ, గట్టు మీద నీళ్లు తోడుతున్న యోబునూ చూశారు. ఉమామహేశ్వర్లు అన్నాడు:

"మా వాటా నీళ్లమ్మా అవి."

"పండితే పంచుకుందాం, ఎండితే ఓర్చుకుందాం అని గదా అన్నా మన మాట" అన్నాను.

"ఎండిపోయేది వేరు. నువ్వు ఎండబెట్టేది వేరు."

నాకు జవాబు దొరకలేదు జహరా. ఇప్పటికీ దొరకలేదు. ఆయన అన్నది నిజమే. వాన రాక తోట చావలేదు, నేనే చంపాను. ఆయన వాటా వదులుకుంటున్నానని చెప్పి వెళ్లిపోయాడు.

తెలుగు పంతులు రాధాకృష్ణమూర్తి గారు కోప్పడలేదు. నా దగ్గరికి వచ్చి మెల్లగా, "నీళ్లిచ్చినావు, మంచి పని. పైకెందుకు ఎక్కించినావు?" అన్నాడు. ఆయనా పోయాడు. ఆయన మాటే నాకు ఎక్కువ గుచ్చుకుంది. సైకిలు షాపు పీర్ సాహెబు మాత్రం ఖాళీ సంచి భుజాన వేసుకుని, "పప్పు తింటే చస్తామా అక్కా, నాలుగు వారాలు పప్పు తింటాం" అన్నాడు. మిగిలినవాళ్లలో సగం మంది వాటా వదులుకుని పోయారు.

బుట్ట ఎందుకు పంపానంటావా? బుట్ట ఆగిపోతే ఎందుకాగిందని అడుగుతావు. చెబితే మరిదిని వదిలి పరిగెత్తుకొస్తావు. మరిది తింటున్నాడని రాశావు, ఆ ముద్ద ఆగిపోకూడదని అనుకున్నాను. దాచడం నాకు చాతకాదని నీ ఉత్తరం చూశాక తెలిసింది.

తోటలో సగం నీది. నిన్ను అడగకుండా నీ సగం కూడా ఎండబెట్టాను. ఏమంటావో అను.

రామతులసమ్మ


నంద్యాల,
4 జూన్

అక్కా,

నీ ఉత్తరం వంట పాకలో కూర్చుని చదివాను, గంగమ్మ చేతిలో గరిటె పెట్టి. కోపం తగ్గింది. పూర్తిగా కాదు.

నీళ్లిచ్చినందుకు నాకు కోపం లేదు. చిన్నప్పుడు బడి నుంచి మీ ఇంటికి వస్తే మీ అమ్మ నాకు మజ్జిగ పోసే గ్లాసు బయట గూట్లో ఉండేది. తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించేదాన్ని. మీ అమ్మ మజ్జిగ ఎప్పుడూ తక్కువ పోయలేదు. అయినా ఆ గూడు నాకు గుర్తుంది. అందుకని యోబు మెట్టు దగ్గర ఆగి ఎందుకు అడిగాడో నాకు నీకన్నా బాగా తెలుసు.

ఒకటి చెప్పనా? నేనక్కడ ఉంటే నీతో పాటు తోడేదాన్ని. ఇద్దరం కలిసి వేసవంతా ఎట్లోగట్ల ఈడ్చేవాళ్లం. తాడు యోబు చేతికి పోయేదే కాదు. నేను లేకపోవడమే మంచిదయింది.

నా కోపమంతా నాకు చెప్పకపోయినందుకు. కానీ ఆ కోపం పట్టుకుని కూర్చునే హక్కు నాకు లేదు. ఎందుకో చెబుతాను, కూర్చుని చదువు.

ఆయన కాలు తీసేశారు అక్కా. మే నెల మొదట్లోనే. పుండు నల్లబడి పైకి పాకింది. మోకాలి కింద వరకు తీయకపోతే మనిషే దక్కడన్నారు. నేను వేలిముద్ర కాదు, సంతకం చేసి ఇచ్చాను. ఆ సంతకం పెట్టేటప్పుడు నువ్వు పక్కన ఉంటే బాగుండునని ఎంత అనుకున్నానో.

నీకు రాద్దామంటే ఒప్పుకోలేదు. "అక్కకు రాయొద్దు. రాస్తే తోట వదిలిపెట్టి రైలెక్కుతాది" అన్నాడు. నువ్వు నాకెందుకు చెప్పలేదో, ఆయన నీకెందుకు చెప్పొద్దన్నాడో, రెండూ ఒకటే మాట. చదువుతూ ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆయన తింటున్నాడని రాసింది కూడా అబద్ధమే. నువ్వు పంపినవన్నీ వండి గంగమ్మ కొడుక్కి, వార్డులో వాళ్లకు పెట్టాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

నిన్న నీ ఉత్తరం మొత్తం ఆయనకు చదివి వినిపించాను. తోట ఎండిందంటే ఏమవుతాడోనని భయపడ్డాను. చివరిదాకా విని, "ఊట లేని బావిలో ఇంజను నడపకుండా ఆపింది, అదే పదివేలు" అన్నాడు.

మున్నీ, అల్లుడు నంద్యాలలోనే ఉండిపొమ్మంటున్నారు. అల్లుడి గాజుల దుకాణంలో ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెడతాడట. ప్రేమతోనే అంటున్నాడు. ఈయనేమో, "ఒంటికాలోడు తోటలో ఏం చేస్తాడు? దిష్టిబొమ్మ లాగ నిలబడాల్సిందే" అని నవ్వాడు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

నాకేం చేయాలో తెలియడం లేదు. నువ్వు రమ్మని రాయొద్దు. రావద్దనీ రాయొద్దు.

నీ
జహరా


గిద్దలూరు,
20 జూన్

జహరాకు,

రమ్మని రాయను. రావద్దనీ రాయను. ఇక్కడ ఏం జరిగిందో మాత్రం రాస్తాను.

నీ ఉత్తరం బావి గట్టు మీద కూర్చుని చదివాను. యేసుమణి నీళ్లకు వచ్చి, "ఎందుకమ్మా ఏడస్తాండావు?" అని అడిగింది. చెప్పాను. ఆమె బిందె అక్కడే పెట్టి నా పక్కన కూర్చుంది. కూర్చోమని నేననలేదు, ఆమె అడగలేదు. ఆమెకు కాన్పయింది, ఆడపిల్ల. తల్లీపిల్లా బాగున్నారు.

మరిది మీద కోపం వచ్చింది, నీ మీద వచ్చింది, నా మీద వచ్చింది. వయసులో పెద్దదాన్ని, మీకు కష్టమొస్తే ముందు నాకు తెలియాలి. తెలియకుండా సంతలో వంకాయలు ఏరుతూ తిరిగాను.

మృగశిరలో వాన పడింది. మంచి వాన. మర్నాడు పల్లె బావిలో కూడా నీళ్లు కనిపించాయి. ఎండిన మొక్కలన్నీ పీకి కుప్ప వేసి, నేను ఒక్కదాన్నే మళ్లు సరిచేసుకుంటుంటే యోబు, పల్లెలోని బాలయ్య, ఇంకొందరు గడ్డపారలతో వచ్చారు. కూలికి రమ్మనలేదే అన్నాను.

"కూలికి రాలేదమ్మా" అన్నాడు యోబు. "మాకూ రెండు వాటాలియ్యి. ఉగాదికి ఇచ్చేదానికి మా దగ్గరేం లేదు. పని చేస్తాం. ఇస్తావా?"

ఇచ్చాను. నీ సగం తరఫున కూడా ఇచ్చాను, ఈసారి కూడా నిన్ను అడగలేదు. తిట్టాలనుకుంటే తిట్టు.

శుక్రవారం వచ్చింది. ఎవరూ రారనుకున్నాను. పొద్దున్నే ఒక మనిషి ఖాళీ సంచితో గేటు తీసుకుని వచ్చింది. ఎవరనుకున్నావు, ఉమామహేశ్వర్లు భార్య రమణమ్మ. ఒక్కతే వచ్చింది.

"మా ఆయన వదులుకున్నాడు గానీ, నేను వదులుకోలేదు" అంది. "ఆయన చెప్పింది అబద్ధం కాదు తులసమ్మా. నువ్వే ఎండబెట్టినావు. అయితే ఏం? ఒకటి మిగులుతాది, ఒకటి పోతాదంటే ఏది పోవాలో నాకూ తెలుసు."

ఇన్నాళ్లూ నాకు దొరకని జవాబు ఆమె సంచి పట్టుకుని వచ్చి చెప్పింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, పల్లె ఆడవాళ్ల వరసలోనే కూర్చుని గోరుచిక్కుడు గింజలు పెట్టింది. పొద్దెక్కాక నీళ్లడిగింది. యేసుమణి తోడి పోస్తే దోసిలి పట్టి తాగింది. ఇంటికి పోయాక ఆయన ఏమన్నాడో తెలియదు. పై శుక్రవారం మళ్లీ వచ్చింది.

అంతా బాగుందని అనుకోవద్దు. పోయినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. పంతులు గారు దారిలో కనిపిస్తే పక్కకు చూస్తాడు. ఈ తోట వచ్చే ఉగాది దాకా నిలుస్తుందో లేదో చెప్పలేను. ఇంజను కూడా మొండికేసింది. అన్నాళ్లు ఆగిపోయి ఉన్నందుకేమో, హ్యాండిలు ఎంత తిప్పినా పట్టుకోవడం లేదు. యోబు నంద్యాల పోయి మరిదిని అడిగి వస్తానంటున్నాడు. కాలు పోయిన మనిషిని ఇంజను గురించి విసిగించొద్దన్నాను. సరేనన్నాడు గానీ, ఆ సరే మీద నాకు నమ్మకం లేదు.

మరిదికి నా ఆశీస్సులు. ఆయన ఎక్కడ ఉండాలనుకుంటే అక్కడ ఉండనీ. ఎక్కడున్నా నేను వచ్చి చూస్తాను.

నీ అక్క


నంద్యాల,
30 జూన్

రామతులసక్కకు,

నీ నమ్మకం లేకపోవడమే నిజమయింది. యోబు వచ్చాడు.

మొన్న మధ్యాహ్నం వార్డు గుమ్మం దగ్గర తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఈయన గోడ వైపు తిరిగి ఉన్నాడు. యోబు వచ్చాడని చెబితే దుప్పటి నడుం దాకా లాక్కున్నాడు. కాలు పోయిన సంగతి గురించి యోబు ఒక్క మాట అడగలేదు, అయ్యో అనలేదు. వచ్చీరాగానే, "హమీదన్నా, ఇంజను పట్టుకోలా" అన్నాడు.

"పట్టుకోలా అంటే? గుర్రు మంటాందా, గుప్పు మంటాందా?"

"గుర్రు మంటాది. ఆనెక ఆగిపోతాది."

"ఎట్ల మంటాదో అని చూపీ."

యోబు అన్నాడు అక్కా. అంత పెద్ద మనిషి, ఆసుపత్రి వార్డు మధ్యలో నిలబడి, ఇంజను మాదిరి గుర్రు మన్నాడు. గంగమ్మ కొడుకు పొట్ట పట్టుకుని నవ్వాడు. కాంపౌండరు పరిగెత్తుకొచ్చాడు.

"అది ఇంజను కాదు, దున్నపోతు" అన్నాడు ఈయన. "డీజిలు పైపులో గాలి పట్టింది. పంపు మీద చిన్న నట్టు ఉంటాది, వదులుచేసి గాలి తియ్యాల."

"చిన్న నట్లు రెండుండాయి గదన్నా."

"పైది."

"రెండూ పక్కపక్కనే ఉండాయి, పైది లేదు."

"ఎట్ల లేదు? నేను కండ్లు మూసుకొని చెబుతా!" అని ఈయన లేచి కూర్చున్నాడు. ఒకరు పట్టకుండా లేచి కూర్చోవడం అదే మొదలు. నా చేతిలో పళ్లెం లాక్కుని దాని మీద వేలితో ఇంజను బొమ్మ గీశాడు. యోబు అర్థం కాలేదన్నాడు. మళ్లీ గీశాడు. మళ్లీ అర్థం కాలేదన్నాడు. ఈయన తల కొట్టుకుని, "నీకు చెప్పేదానికన్నా నేనే వచ్చి తీసేది సులువు" అన్నాడు. అన్నాక తనే ఆగిపోయాడు. కొంచెంసేపటికి నా వైపు తిరిగి, "డాక్టరును అడుగు, ఎప్పుడు పంపిస్తాడో" అన్నాడు.

యోబును సాగనంపడానికి బయటికి వచ్చి అడిగాను. "నిజం చెప్పు యోబూ. ఇంజను నిజంగానే పట్టుకోలేదా?"

"నిజంగానే పట్టుకోలేదు తల్లీ" అన్నాడు. తలగుడ్డ చుట్టుకుంటూ, "పట్టుకొనున్నా వచ్చేవాణ్నే" అన్నాడు.

మున్నీ ఏడ్చింది. ఇక్కడేం తక్కువ చేశామంది. ఏమీ తక్కువ చేయలేదమ్మా, మీ నాయన అక్కడ ఎవరి మీదన్నా అరవాలి, ఇక్కడ అరవడానికి ఎవరూ లేరు అన్నాను. అల్లుడు అర్థం చేసుకున్నాడు. చంక కర్రలు అల్లుడే చేయించి తెచ్చాడు. రెండు రోజులుగా ఈయన వరండాలో వాటితో నడక నేర్చుకుంటున్నాడు. ఒకసారి పడ్డాడు. లేపడానికి పోతే కసిరాడు. ఆ కసురు విని ఎంత సంతోషమేసిందో నీకు ఎట్ల చెప్పను.

తోట నిలుస్తుందో లేదో తెలియదన్నావు. నాకూ తెలియదు. రాత్రుళ్లు నొప్పి అని లేస్తూనే ఉన్నాడు, లేని కాలు నొప్పి అంటున్నాడు. ముందు ముందు ఎట్ల ఉంటుందో. కానీ దిగులు పడేదేదో అక్కడే, నీ పక్కన కూర్చుని పడతాను. పల్లెకు రెండు వాటాలిచ్చినందుకు తిట్టను. మూడియ్యాల్సింది.

పై శుక్రవారం పాసింజరుకు వస్తున్నాం. స్టేషనుకు నువ్వొక్కదానివే రా. ఎవరూ ఏడవకూడదని ఆయన షరతు, అది నీ గురించే. పట్టుకుని దించడానికి కూడా ఎవరూ రాకూడదట, తనంతట తనే దిగుతాడట. మన స్టేషనులో పెట్టె మెట్టుకూ నేలకూ ఎంత ఎత్తు ఉంటుందో నీకు తెలుసు. ఆ రోజు బండికి గార్డు నాగేశ్వర్లు అన్నే. ఈయన రెండు కర్రలూ నేల మీద ఆనించేదాకా పచ్చజెండా ఊపొద్దని ఆయనకు చెప్పిపెట్టు.

నీ
జహరా